గిడ్డమ్మత్త రెండు సంచులు

మా అత్త గిడ్డమ్మకు రెండు సంచులుండేవి. ఒకటి ఎర్రది, చీరల అంగట్లో ఇచ్చింది. ఇంకొకటి పసుపుపచ్చది, ఎవరిదో పెండ్లిలో తాంబూలం పెట్టి ఇచ్చింది. ఎర్ర సంచిలో మా వీధి తిమ్మయ్య సారు ఇచ్చిన మాత్రలు, పసుపు సంచిలో కర్నూలు పెద్ద డాక్టరు రాసిన మాత్రలు. రెండూ ఒకే మేకుకు వేలాడేవి. కానీ ఒకటి బయటికి పోతే రెండోది ఇంట్లోనే ఉండాలి. రెండూ కలిసి గడప దాటకూడదు. ఇది మా అత్త పెట్టిన నియమం.

మా అత్త డోన్‌లో రొట్టెలు చేస్తుంది. రైల్వే స్టేషన్ దగ్గర లక్ష్మన్న రొట్టెల కొట్టు అంటే అందరికీ తెలుసు. సాయంత్రమైతే లారీ డ్రైవర్లు, బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, రైలు మారడానికి దిగినవాళ్ళు బెంచీల మీద ఒకరినొకరు ఒత్తుకుంటూ కూర్చుంటారు. పంతొమ్మిదేండ్లుగా అక్కడ పొయ్యి ముందు పీట మా అత్తది. జొన్నపిండిలో ఉడుకునీళ్ళు పోసి పిసికి, ముద్ద చేసి పలక మీద తట్టడం మొదలుపెడితే చేయి ఎప్పుడు ఆగుతుందో చూడాలని కూర్చున్నవాళ్ళకు రొట్టె పెనం మీద పొంగుతూ కనిపిస్తుంది.

ఒకసారి మిల్లు నుంచి వచ్చిన పిండితో మొదటి ముద్ద చేసి, మూట మూతి కట్టి వెనక్కి పంపింది. నిన్ననే ఆడించినామని మిల్లువాడు పిల్లల మీద ఒట్టు పెట్టాడు. లక్ష్మన్న కూడా "ముప్పై ఏండ్ల నుంచి మిల్లు నడిపేవాడు అక్కా, వానికి తెలీదా?" అన్నాడు. మా అత్త చేతులు దులుపుకుని, "వాని ముప్పై ఏండ్లు వాని మిల్లులో ఉండనీ. తట్టేది నేను. ఇది పాత పిండి," అంది. మూట తిరిగి వచ్చినప్పుడు అందులో కొత్త పిండే ఉంది.

అంత మనిషి, తన ఒంటి సంగతికొచ్చేసరికి ఎవరేమిచ్చినా మింగేది.

నేను ఆమె అన్న కూతుర్ని. మా అమ్మానాన్నలు పత్తి కూలికి గుంటూరు వైపు పోయిన ఏడు నన్ను ఇక్కడ వదిలిపెట్టారు. తొమ్మిదో తరగతి సగంలో బడి ఆగింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఉత్తరాలు, బిల్లులు, చీటీలు ఏవొచ్చినా చదివేది నేనే. ఆస్పత్రికి అత్త వెనకాల పోయి గోడకు ఆనుకుని నిలబడేది కూడా నేనే. నాకు నలుగురిలో నోరు లేవదు కాబట్టి కండ్లకు ఎక్కువ పని ఉండేది.

తిమ్మయ్య సారు కథ తలనొప్పితో మొదలైంది. ఆయన కొట్టు మా ఇంటి నుంచి నాలుగో తలుపు. బోర్డు మీద ఆయన పేరు ముందు ఏముందో ఎండకు వెలిసిపోయి చదవడానికి రాదు. బోర్డు మొత్తంలో వెలిసింది ఆ ఒక్క చోటే. అత్త రవికె చేతి మీదనే పట్టీ చుట్టి, గాలి కొట్టి, గడియారం వైపు చూసి, "బీపీ కొంచెం ఎక్కువే ఉండాదక్కా," అన్నాడు. ఆయన దగ్గరికి ఎవరు పోయినా కొంచెం ఎక్కువే ఉండేది. రెండేండ్లలో ఆయన "సరిగ్గా ఉండాది" అనగా నేను వినలేదు. ఒక మాత్ర ఇచ్చాడు, ఒక సూది వేశాడు, ఉప్పు, ఊరగాయ మానమన్నాడు. మా అత్త మానేసింది.

తలనొప్పి పోలేదు. కొడుకు వీరభద్ర ఆటో నడుపుతాడు, రోజూ నాలుగు ఊర్ల మాటలు వింటాడు. "తిమ్మయ్య సారుకు ఏం తెలుసుమా? కర్నూల్లో పెద్దాయన ఉండాడు. చెయ్యి పట్టుకుంటే చాలు, రోగం యాడుందో చెప్పేస్తాడంట," అని తల్లిని బస్సెక్కించాడు.

కర్నూలు పెద్ద డాక్టరు మా అత్త చెయ్యి పట్టుకోలేదు. గోడ నిండా ఆయన చదువులు అద్దాల్లో ఉన్నాయి. ఆయన మాత్రం కంప్యూటరులోంచి తల ఎత్తలేదు.

"ఇంతకుముందు బీపీకి మాత్రలు వాడుతున్నారా?"

మా అత్త నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"లేదు సామీ," అంది.

బయటికొచ్చాక అడిగాను, ఎందుకట్ల చెప్పినావని. "ఇంతలేసి చదువులు చదివినాయన. ఆయన ముందర తిమ్మయ్య సారు పేరు ఎత్తితే ఎట్లుంటాదమ్మీ? చిన్నబుచ్చుకోడా?" అంది. సరే, అయితే ఇంటికి పోయినాక తిమ్మయ్య సారు మాత్రలు ఆపేస్తావా అని అడిగాను. "అయ్యో! దినామూ మన రొట్టె తినేటాయన. వీధిలో ఎదురుపడితే ఏం మొగం పెట్టుకోవాల?" అంది.

కాబట్టి ఇద్దరికీ మర్యాద తక్కువ కాకుండా ఇద్దరి మాత్రలూ మింగింది. చుట్టాల ఇంటికి పోయినప్పుడు ఒక ఇంట్లో తిని వచ్చిన సంగతి రెండో ఇంట్లో చెప్పకుండా మళ్ళీ తింటాం కదా, అట్లాగే. సంచుల నియమం పుట్టింది అప్పుడే. పెద్ద డాక్టరు దగ్గరికి పసుపు సంచి, తిమ్మయ్య సారు దగ్గరికి ఎర్ర సంచి. ఇందులో వింత ఏమీ లేదు. మా వీధిలో అందరిండ్లలోనూ ఇట్లాంటి సంచులున్నాయి. కొందరివి మూడు.

నెల తిరగకముందే కాళ్ళు వాచాయి. మడమల మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అట్లాగే ఉండేది. తిమ్మయ్య సారు చూసి, "ఒంట్లో నీరు చేరిందక్కా," అని నీరు పోయే మాత్ర ఇచ్చాడు. అది వేసుకున్నాక లేచి నిలబడితే తల తిరగడం మొదలైంది. పెద్ద డాక్టరుకు తల తిరుగుతోందని చెబితే, తల తిరగకుండా ఒక మాత్ర రాశాడు. ఆ మాత్రకు కడుపులో మంట. మంటకు తిమ్మయ్య సారు ఇంకో మాత్ర. రెండేండ్లు తిరిగేసరికి ఎర్ర సంచి నిండింది. పసుపు సంచికి పిన్నీసు పెట్టాల్సి వచ్చింది.

పథ్యాలు కూడా పెరిగాయి. ఉప్పు, ఊరగాయ తిమ్మయ్య సారు తీసేశాడు. పెద్ద డాక్టరు నూనె, చెనిక్కాయలు వద్దన్నాడు. చెనిక్కాయలు లేకపోతే మా ఇంట్లో ఊరిబిండి పచ్చడి లేదు, ఊరిబిండి లేకపోతే రొట్టెలోకి ఏమీ లేదు. వీరభద్ర ఫోనులో ఎవరో గడ్డమాయన చెప్పాడని పెరుగు మాన్పించాడు. పక్కింటి రామేశ్వరమ్మ వంకాయ, చింతపండు మాన్పించింది. ఆమె ఎందుకు మాన్పించిందో ఆమెకూ తెలియదు. మంచం పక్కన కూర్చున్నాక ఏదో ఒకటి మాన్పించకుండా లేవడం బాగుండదని మాన్పించింది. ఊరంతటికీ రొట్టెలు చేసి పెట్టే మనిషి చివరికి చప్పిడి గంజి తాగి పనికి పోయేది. నీరసంగా ఉందంటే నీరసానికి గ్లూకోజు బాటిలు ఎక్కించేవాడు తిమ్మయ్య సారు.

పోయిన మాఘంలో ఒక సాయంత్రం, కొట్టు కిటకిటలాడుతుండగా, పిండి డబ్బా అందుకోవడానికి మా అత్త పీట మీద నుంచి గబుక్కున లేచింది. లేచిన మనిషి లేచినట్టే ముందుకు పడింది. ఎడమ చేయి పెనం మీద పడింది.

బెంచీ మీదున్న ఒక లారీ డ్రైవరు రెక్క పట్టి వెనక్కి లాగాడు కాబట్టి అరచేయి అంచు కాలడంతో పోయింది. లేకపోతే ఏమయ్యేదో లక్ష్మన్న ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషికీ చేతులు తిప్పుతూ చెప్పేవాడు. మూడో రోజు అత్త చేతి కట్టుతోనే మేం కొట్టుకు పోతే పీట మీద రామేశ్వరమ్మ కూర్చుని ఉంది.

"కోపం చేసుకోవద్దు గిడ్డక్కా," అన్నాడు లక్ష్మన్న. "నువ్వు నా కొట్టులో పొయ్యిలో పడితే నేను యాడికి పోవాల? డాక్టరుతో కాగితం తెచ్చుకో. ఈ మనిషి పడదు అని రాసిచ్చి సంతకం పెట్టమను. ఆ దినమే నీ పీట నీది."

"నేనేం ఎప్పటికీ కూచ్చోనులే వదినా," అంది రామేశ్వరమ్మ పిండి చేతులతోనే కండ్లు తుడుచుకుంటూ. "నువ్వొచ్చేదాకానే." ఆమె రొట్టె పలక మీద నుంచి తీస్తుంటే రెండు ముక్కలైంది. మా అత్త అది చూసి తల తిప్పుకుంది. నడుస్తూ నడుస్తూ, "నీళ్ళు కాగలేదు," అంది, తనలో తాను అన్నట్టు.

ఆ వారం ఆమె మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తుండేది. కుడిచేయి ఒళ్ళో ఉన్నా ఊరికే ఉండేది కాదు, తొడ మీద తడుతూ ఉండేది, రొట్టె తట్టినట్టే. అది చూసి నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. రెండు సంచులూ తీసి చాప మీద గుమ్మరించాను. సర్దుదామని మొదలుపెట్టాను, అంతే.

మాత్రల అట్టల మీద పెద్ద అక్షరాల్లో ఒక పేరు ఉంటుంది. దాని కింద, చీమ తలంత అక్షరాల్లో ఇంకో పేరు ఉంటుంది. నాకు ఇంగ్లీషు సరిగా రాదు. కానీ చదవడానికి రాకపోయినా పోల్చడానికి వస్తుంది. ఎర్ర సంచిలో మొట్టమొదటి అట్ట కింద పది అక్షరాలున్నాయి. పసుపు సంచిలో ఒక అట్ట కింద కూడా పది అక్షరాలే. ఒక్కొక్కటే వేలు పెట్టి చూశాను. పదికి పది అవే. పైన పేర్లు వేరు, రంగులు వేరు, ఒకటి గుండ్రం, ఒకటి కోలగా ఉంది. లోపలిది ఒకటే.

అత్తకు చూపించాను.

"పో అమ్మీ," అంది. "తొమ్మిదిలో బడి మానేసినదానివి నీకు తెలిసింది, అంతలేసి పెద్దోళ్ళకు తెలీలేదా?"

రెండు అట్టలూ ఆమె ఒళ్ళో పెట్టి అన్నం వండడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆమె రెంటినీ వెలుతురుకు పట్టి, ముక్కుకు దగ్గరగా పెట్టి చూస్తోంది. అక్షరం రాని మనిషి. పిండి చూసినట్టు చూస్తోంది.

"పెద్దాయనకు తిమ్మయ్య సారిచ్చింది తెలీదు కదమ్మీ," అంది నెమ్మదిగా. "తిమ్మయ్య సారుకు పెద్దాయనది తెలీదు. రొండూ తెలిసింది ఎవురికి?"

"నీకే అత్తా."

"నాకే," అంది. "నేనే కదా లేదు సామీ అన్నింది."

మరునాడు నన్ను తీసుకుని సచివాలయం పక్కన సర్కారు క్లినిక్కుకు పోయింది. రెండేండ్లలో ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. దుడ్లు తీసుకోని చోట ఏం తెలుస్తుందని మా వీధిలో అందరి నమ్మకం. అక్కడి నర్సమ్మ చిన్న పిల్ల, నాకన్నా నాలుగేండ్లు పెద్దదేమో. రవికె చేయి పైకి మడవమంది. కూర్చోబెట్టి చూసింది, నిలబెట్టి చూసింది. రెంటికీ రెండు లెక్కలొచ్చాయి. నిలబడినప్పటి లెక్క చూసి ఆమె మొహం మారింది.

"ఎక్కువ లేదమ్మా నీకు. శానా తక్కువ ఉండాది."

మా అత్త నమ్మలేదు. ఆమెకు తక్కువ అని చెప్పిన మొదటి మనిషి ఆ పిల్ల. అట్టలు చూపిస్తే నర్సమ్మ తల పట్టుకుంది. "ఇవి రొండూ ఒకటే మందు. కాళ్ళ వాపు గూడా దీనివల్లనే అయ్యుంటాది. కానీ నువ్వే అన్నీ ఒక్కసారి ఆపేయొద్దు, అది ఇంకో ప్రమాదం. రాసినాయనకు అన్నీ, అన్నీ చూపించు, తొందరగా. అంతవరకూ లేసేటప్పుడు గోడ పట్టుకుని, మనసులో పది లెక్కపెట్టుకుని లెయ్యి."

పెద్ద డాక్టరు సోమవారం దాకా ఊర్లో లేడు. మధ్యలో నాలుగు రోజులు. నా తొమ్మిదో తరగతి సోషల్ నోటుపుస్తకంలో సగం పేజీలు ఖాళీగా మిగిలిపోయి ఉన్నాయి. అందులో గీతలు గీసి, ఏ పూట ఏ మాత్ర, ఏం తిన్నది, నర్సమ్మ చూసిన లెక్క ఎంత, తల తిరిగిందా లేదా అని రాశాను. మా అత్త పక్కన కూర్చుని రాయించింది. "రాయి, పొద్దున గంజి. రాయి, రామేశ్వరమ్మ వచ్చి పాలు గూడా మానమన్నింది. మానలేదు అని గూడా రాయి."

సోమవారం బస్సులో ఆమె ఎర్ర సంచిని మడిచి పసుపు సంచి అడుగున పెట్టుకుంది. పైన తువ్వాలు కప్పింది. తీసుకుపోవడమైతే తీసుకుపోతోంది గాని చూపించే ధైర్యం ఇంకా చాలలేదని నాకు తెలుస్తూనే ఉంది. వెల్దుర్తి దాటేసరికి, "ఆయన తిడితే?" అని ఒకసారి, "తిమ్మయ్య సారుకు తెలిస్తే?" అని ఒకసారి అంది. ఆస్పత్రి గేటు దగ్గర, "ఇంకోసారి తెద్దాంలే," అని కూడా అంది.

ఆస్పత్రిలో ఎప్పటిలాగే జాతరంత మంది. టోకెను తీసుకుని మూల బెంచీ మీద కూర్చున్నాం. మా ముందు వరసలో ఒకాయన తల మీంచి తువ్వాలు కప్పుకుని, మూతికి మాస్కు పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ చెప్పులు నేనెక్కడో చూశాను. మా కొట్టు గడప ముందు, రోజూ సాయంత్రం, ఏడు గంటలకు.

నేను అత్త మోచేతిని తాకాను. ఆమె కూడా చెప్పులనే చూస్తోంది. పట్టుబడ్డామనుకుని చటుక్కున కొంగు తల మీదికి లాక్కుంది. అట్లా ఇద్దరూ ఒకరికొకరు కనబడకుండా కొంతసేపు కూర్చున్నారు. అప్పుడే కౌంటరు దగ్గరున్న అమ్మాయి కాగితం చూసి గట్టిగా పిలిచింది.

"తిమ్మయ్య! అరవై ఒకటి! డోను! బీపీ, షుగరు!"

తువ్వాలు కదల్లేదు.

"తిమ్మయ్య ఎవురప్పా? ఉండారా, పోయినారా?"

తువ్వాలు లేచింది. తిరిగింది. మా అత్త కొంగు దించింది.

"గిడ్డక్కా," అన్నాడు తిమ్మయ్య సారు. "నేను... ఒక పేషెంటును చూపించేకి వచ్చినా."

మా అత్త ఆయనను పైనుంచి కిందిదాకా చూసింది. ఆయన చేతిలో కూడా ఒక సంచి ఉంది. నీలం రంగుది.

"ఏం సారూ," అంది మెల్లగా, "మీకు గూడా కొంచెం ఎక్కువేనా?"

ఆయన మాస్కు కిందికి లాగి వంగి, గొంతు తగ్గించాడు. "ఊర్లో అనొద్దక్కా. నీకు దండం పెడతా."

"అననులే. మీరు మీ కొట్టులో మాత్రలు గూడా వేసుకుంటారా సారూ?"

"అప్పుడప్పుడు."

"ఈయనకు చెప్పినారా?"

"ఎట్ల చెప్పేది?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి. "ఇంత పెద్దాయన. ఏమనుకుంటాడు?"

ఆయన లోపలికి పోయాక మా అత్త చాలాసేపు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కండ్లలో నీళ్ళు వచ్చేదాకా. రెండేండ్లలో ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. నవ్వు అయ్యాక పసుపు సంచిలోంచి ఎర్ర సంచి తీసి, మడతలు విప్పి, ఒళ్ళో పెట్టుకుంది.

మా వంతు వచ్చింది. డాక్టరు కంప్యూటరు చూస్తూ, "ఎలా ఉంది?" అన్నాడు. జవాబు రాకముందే పెన్ను తీశాడు. మా అత్త రెండు సంచులూ ఎత్తి ఆయన బల్ల మీద బోర్లించింది. అట్టలు, సీసాలు, పొడి పొట్లాలు దొర్లి కీబోర్డు మీదికి పోయాయి.

ఆయన మొదటిసారి తల ఎత్తాడు.

"ఏంటమ్మా ఇది?"

"నేను దినామూ మింగేవి సామీ. ఆ పొద్దు అడిగితే లేదని అబద్ధం చెప్పినా. నాది తప్పు. ఇప్పుడు చూడండి."

ఆయన ఎర్ర సంచిలోవి వేలితో కదిపాడు. మొహం చిట్లించాడు. "ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గరకు పోవడం, మా దగ్గర దాచడం. ఇక్కడ డాక్టరు ఎవరు? నేనా, నువ్వా?"

"మీరే సామీ," అంది మా అత్త. "కానీ మింగేది నేను."

గదిలో ఉన్న నర్సు అటు తిరిగింది, నవ్వు దాచుకోవడానికో ఏమో. నా చేతిలో నోటుపుస్తకం ఉంది. అత్త నా వైపు చెయ్యి చాచింది. ఇచ్చాను. పుస్తకం తెరిచి ఆయన ముందర పెట్టింది. ఆయన మొదటి పేజీ చూసి తిప్పెయ్యబోయాడు. మళ్ళీ చూశాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నిలబడినప్పటి లెక్కల మీద పెన్ను ఆగింది. అప్పుడు లేచి వచ్చి, తన చేత్తోనే మా అత్త రవికె చేయి మడిచి, పట్టీ చుట్టి చూశాడు. కూర్చోబెట్టి, నిలబెట్టి. చెయ్యి పట్టుకుంటాడని వీరభద్ర చెప్పింది అబద్ధం కాదన్నమాట. రెండేండ్లు పట్టింది, అంతే.

కూర్చుని ఒక్కో అట్టా పక్కకు నెట్టాడు. ఇది వద్దు. ఇది వద్దు. దీనికోసం అది, దానికోసం ఇది, రెండూ వద్దు.

"ఇన్ని ఎవరమ్మా నీకిచ్చింది?" అన్నాడు విసుగ్గా.

"సగం మీరే సామీ."

ఆయన చీటీ మీద ఒక్క మాత్ర రాశాడు, పొద్దున పూట ఒకటి, అది కూడా సగం బలంది. వారం తర్వాత మళ్ళీ రమ్మన్నాడు, లెక్కలు రాయడం ఆపొద్దన్నాడు. ఉప్పు తగ్గించి తినమన్నాడు గాని మానమనలేదు. "చెనిక్కాయలు?" అని అడిగింది అత్త. తినమన్నాడు. "వంకాయ?" ఆయన వంకాయ ఎవరు వద్దన్నారని అడిగాడు. రామేశ్వరమ్మ అని చెబితే ఆమె ఏ డాక్టరని అడిగాడు.

చివరికి అసలు సంగతి. "సామీ, నేను పడను అని ఒక కాగితం రాసియ్యండి. నా పీట నాకు రావాల."

"పడవని నేనెట్లా రాస్తానమ్మా? మందు మార్చాను. పడకుండా చూసుకోవలసింది నువ్వు," అన్నాడు ఆయన, తర్వాతి టోకెనుకు గంట కొడుతూ.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కాగితం దొరకలేదని దిగులుపడుతుందనుకున్నాను. దూపాడు దాటాక, "ఆయన చెప్పింది సరైన మాటే అమ్మీ," అంది. "నేను పడనని ఆయనకేం తెలుస్తాది?"

తొందరపడలేదు. పదిహేను రోజులు చూసుకుంది. వారం తర్వాత కర్నూలు పోయి వచ్చింది, రెండు సంచులకు బదులు ఒక అట్ట, ఒక పుస్తకంతో. కాళ్ళ వాపు దిగింది. మూడో రోజునుంచి ఊరిబిండితో రొట్టె తిన్నది. లెక్కలు కొంచెం కొంచెం పైకి వచ్చి ఒకచోట నిలబడ్డాయి. ఒక రోజు కొంచెం ఎక్కువే ఉంది. అది కూడా రాయించింది. నర్సమ్మ దగ్గర పట్టీ ఎట్లా చుట్టాలో నేను నేర్చుకున్నాను. లేచేటప్పుడు పది లెక్కపెట్టడం ఆమెకు అలవాటైంది. పైకి గట్టిగానే లెక్కపెట్టేది, మనసులో లెక్కపెడితే మధ్యలో అంకెలు ఎగిరిపోతున్నాయంటూ.

పదహారో రోజు సాయంత్రం కొట్టుకు పోయాం. రామేశ్వరమ్మ చెమటతో తడిసి ఉంది. బెంచీ మీద ఒకాయన ముక్కలైన రొట్టెను పప్పులో ఏరుకుంటున్నాడు.

"కాగితం తెచ్చినావా గిడ్డక్కా?" అన్నాడు లక్ష్మన్న.

మా అత్త నోటుపుస్తకం ఆయన గల్లాపెట్టె మీద పెట్టింది.

"ఇదేంది? సోషలు అని ఉండాది."

"లోపల చూడు. ఏ పొద్దు ఎట్లున్నానో అంతా ఉండాది. డాక్టరు రాసియ్యలేదు. నేను రాయించుకున్నా. పడితే నా తప్పు, నీది గాదు."

లక్ష్మన్న పేజీలు తిప్పాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. కానీ అన్ని అంకెలు చూసి కొంచెం భయపడ్డాడు. "సరేనప్పా... మళ్ళీ తల తిప్పితే? ఏ దినం బాగుండావో ఏ దినం బాగలేదో నాకెవురు చెప్తారు?"

"నేనే చెప్తా. బాగలేని దినం నేను ఈ పొయ్యి దిక్కు రాను. రామేశ్వరమ్మ కూచ్చుంటాది. పీట మాత్రం ఆడ వద్దు. గోడ పక్కకు జరుపు, పట్టుకుని లేచేకి. పిండి డబ్బా కుడిచేతికి అందేతట్టు పెట్టు. లేచి అందుకునేది ఉండకూడదు."

"ఇదంతా డాక్టరు చెప్పినాడా?"

"డాక్టరు ఎప్పుడన్నా ఈడ కూచ్చోని రొట్టె తట్టినాడా?"

బెంచీల మీద నవ్వులు లేచాయి. అందరికన్నా ముందు లేచింది రామేశ్వరమ్మ. "రా వదినా, రా, నా నడుము పోయింది ఈ పీటతో," అంటూ పీటను తనే గోడ పక్కకు ఈడ్చింది. మా అత్త కూర్చుని మొదట నీళ్ళలో వేలు ముంచి చూసింది. ఇంకా కాగనిచ్చింది. కాలిన చేతి అంచు ఇంకా ఎర్రగానే ఉంది, అది తగలకుండా చెయ్యి కొంచెం వంచి తట్టింది. మొదటి రొట్టె ఒక పక్క మందంగా వచ్చింది. రెండోది పొంగింది.

ఏడు గంటలకు గడప ముందు ఆ చెప్పులు కనిపించాయి. తిమ్మయ్య సారు లోపలికి రాకుండా కొంతసేపు తచ్చాడాడు. తర్వాత ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా చివరి బెంచీ మీద కూర్చున్నాడు. మా అత్త ఆయనకు రెండు రొట్టెలు పంపింది. ఎర్ర సంచి గురించి ఒక మాట లేదు. ఆయనా అడగలేదు.

కొట్టు మూసేముందు మా అత్త లేవడానికి గోడ మీద చెయ్యి పెట్టి, "ఒకటి," అంది గట్టిగా. బెంచీలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఏం లెక్కపెడుతోందో తెలియక లక్ష్మన్న గల్లాపెట్టె మూసేశాడు. "రొండు. మూడు." నాలుగు దగ్గర లారీ డ్రైవరొకడు కలిశాడు. ఏడుకొచ్చేసరికి కొట్టంతా లెక్కపెడుతోంది. పదికి ఆమె లేచి నిలబడింది. నిలబడి, ఊగుతోందా లేదా అని తనను తాను చూసుకుంది. ఊగలేదు. చేతులు దులుపుకుంది.

వాళ్ళందరూ నవ్వుకుంటూ పోయాక చివరి బెంచీ మీద ఒక్క తిమ్మయ్య సారే మిగిలాడు. నీలం సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ చూడడం లేదనుకుని, బల్ల అంచు పట్టుకున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. నేను కూడా ఆయనతో పాటు మనసులో లెక్కపెట్టాను. పదికి లేచాడు.

"గిడ్డక్కా," అన్నాడు గడప దగ్గర ఆగి. "ఆ సర్కారు నర్సమ్మ పొద్దున ఎన్ని గంటలకు వస్తాది?"

"తొమ్మిదికి సారూ," అంది మా అత్త, పొయ్యి మీద నీళ్ళు చల్లుతూ. "సంచి మర్చిపోవద్దు."